బొచ్చు రాలుతోందని వెంటనే సూది పొడవకండి, ముందు చర్మం చూడండి

మీరు అడిగింది ఇది: మక్తల్ దగ్గర 60 దాకా గొర్రెలు, ఎక్కువ భాగం నల్ల దక్కనివి, ఈమధ్య సంతలో కొన్న తెల్ల నెల్లూరు రకం కొన్ని. నెలన్నరగా కొన్నింటికి భుజాల మీద, వీపు మీద బొచ్చు పోయి పసుపు పెచ్చులు కడుతున్నాయి, కంచెకు రుద్దుకుంటున్నాయి. ఐవర్‌మెక్టిన్ ఒక సూది వేయిస్తే తగ్గినట్టే తగ్గి మూడు వారాలకు మళ్లీ మొదలైంది. ఈనిన తల్లి గొర్రెలకేమో పెచ్చులూ దురదా ఏమీ లేకుండా బొచ్చు కుచ్చులు కుచ్చులుగా ఊడుతోంది. రెండు తెల్ల గొర్రెలకు చెవులు వాచి, తర్వాత ఎండిపోయి అంచులు రాలుతున్నాయి. అన్నిటికీ కలిపి ఏ మందు కొట్టాలి అని.

అన్నిటికీ కలిపి కొట్టే మందు లేదు. మీరు రాసిన దాన్ని బట్టి మీ మందలో ఉన్నది ఒక రోగం కాదు, మూడు. మొదటిది గజ్జి. రెండోది అసలు చర్మ రోగమే కాదు. మూడోది మేతతో వచ్చింది. పాలమూరు వైపు పశువుల డాక్టరుగా చాలాకాలం పనిచేశాను, అక్కడ నేను ఎక్కువగా చూసింది ఇదే: బొచ్చు రాలింది అనగానే మెడికల్ షాపుకు పోవడం, ఐవర్‌మెక్టిన్ సీసా తేవడం, అన్నిటికీ ఒక్కో మిల్లీ పొడవడం. గజ్జి అయితే సగం నయమవుతుంది, గజ్జి కాకపోతే డబ్బు పోతుంది, రెండు సందర్భాల్లోనూ అసలు సంగతి బయటపడదు.

కాబట్టి ముందు గొర్రెను పట్టుకుని నాలుగు విషయాలు చూడండి. దురద ఉందా లేదా. బొచ్చు పాయ తీసి చూస్తే కింద చర్మం శుభ్రంగా ఉందా, పెచ్చులు కట్టిందా. ఎక్కడ మొదలైంది: బొచ్చు ఉన్న చోటా, మూతి చెవుల లాంటి బొచ్చు లేని చోటా. మందలో ఎవరికి వచ్చింది: అన్ని వయసుల వాటికా, పిల్లలకేనా, ఈనిన వాటికేనా, తెల్లవాటికేనా. సగం నిర్ధారణ ఇక్కడే అయిపోతుంది. ఒంటి వేడి కూడా చూడండి, థర్మామీటర్ పెద్ద ఖరీదేమీ కాదు. గొర్రెకు 102, 103 డిగ్రీల ఫారన్‌హీట్ మామూలే, మిట్టమధ్యాహ్నం నడిచి వచ్చినప్పుడు ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. 105 దాటి, చర్మం మీద గడ్డలు కనిపిస్తే అది గజ్జి కాదు, దాని సంగతి కింద చెప్తాను.

ఇక గజ్జి. దక్కని గొర్రెలకు ఊలు ఉంటుంది కాబట్టి వాటికి వీపు మీద, భుజాల మీద, పక్కల మీద వచ్చే గజ్జి ఎక్కువగా సోరోప్టెస్ అనే పురుగు వల్ల. ఇది చర్మంలోకి తొలుచుకుని పోదు, పైపైనే ఉండి చర్మాన్ని గాయం చేస్తూ ఊరే రసిని తాగుతుంది. ఆ రసి ఎండి పసుపు పెచ్చు అవుతుంది, బొచ్చు ఆ పెచ్చుతో పాటు లేచి వస్తుంది. పెచ్చు మధ్యలో ఎండిపోయినా అంచుల దగ్గర తడిగా ఉంటుంది, పురుగులు ఉండేది ఆ అంచుల్లోనే. ఒక చిన్న పరీక్ష ఉంది: పెచ్చు ఉన్న చోట వేళ్లతో గట్టిగా గోకండి, గొర్రె తల పక్కకు తిప్పి పెదాలు ఆడిస్తూ గాల్లో కొరుకుతున్నట్టు చేస్తే గజ్జి అని గట్టిగా అనుమానించవచ్చు. పేలు ఎక్కువగా ఉన్నా కొన్ని ఇలాగే చేస్తాయి, అందుకే దీని ఒక్కదాని మీదే ఆధారపడకూడదు.

నెల్లూరు గొర్రెలకు ఊలు ఉండదు, పొట్టి వెంట్రుకలే. వాటిలో మూతి, ముక్కు, కళ్ల చుట్టూ, చెవుల మీద మొదలై చర్మం మందంగా ముడతలు పడితే అది సార్కోప్టెస్. ఇది చర్మం లోపలికి తొలుచుకుని పోతుంది, అందుకే దురద విపరీతంగా ఉంటుంది, మేత కూడా మానేస్తాయి. పట్టుకున్న వాళ్ల చేతులకూ కొన్నాళ్లు దురద రావచ్చు, మనుషుల మీద అది నిలవదు గానీ చేతులు సబ్బుతో కడుక్కోండి. మూడో రకం గజ్జి కాళ్ల కింది భాగంలో, పొట్టేళ్లకు వృషణాల సంచి మీద వస్తుంది. దీన్ని ఎవరూ పట్టించుకోరు, కానీ అక్కడ మందంగా పెచ్చులు కడితే వేడి పెరిగి వీర్యం దెబ్బతింటుంది. పొట్టేలు ఎక్కుతున్నా గొర్రెలు కట్టట్లేదు అంటే ఒకసారి దాన్ని కిందపడేసి అక్కడ చూడండి.

మీ దగ్గర ఒక సూదికి తగ్గి మళ్లీ ఎందుకు వచ్చింది? మందు పురుగు మీద పనిచేస్తుంది, గుడ్ల మీద చేయదు. గుడ్డు నుంచి మళ్లీ గుడ్లు పెట్టే పురుగు అవడానికి రెండు వారాలు చాలు. అంటే మూడు వారాలకు మళ్లీ రావడం మందు పని చేయక కాదు, రెండో సూది పడక. సోరోప్టెస్ గజ్జికి 7 రోజుల ఎడంతో రెండు సూదులు కావాలి. సార్కోప్టెస్‌కు 10 నుంచి 14 రోజుల ఎడం పెడతాం, బాగా ముదిరితే డాక్టరు మూడోది కూడా చెప్పవచ్చు.

డోసు గురించి కొంచెం విసుగ్గానే చెప్తున్నాను, ఎందుకంటే ఎన్నిసార్లు చెప్పినా ఇక్కడే పోతోంది. మామూలుగా దొరికే 1 శాతం ఐవర్‌మెక్టిన్ 50 కిలోల బరువుకు 1 మిల్లీ. 25 కిలోల గొర్రెకు అర మిల్లీ, 35 కిలోల పొట్టేలుకు 0.7. బరువు కళ్లతో కాదు, ఒక వేలాడే త్రాసు, గోనెసంచి చాలు, కనీసం మందలో బరువైనవి నాలుగు తూచండి. తక్కువ వేస్తే పురుగు చావదు, పైగా మందుకు అలవాటు పడుతుంది. చర్మం కింద వేయాలి, భుజం వెనక చర్మం గుడారంలా లేపి, పెచ్చు లేని చోట. కండలోకి కాదు. ఇంకో జాగ్రత్త, షాపులో 3.15 శాతం అని పశువుల కోసం వచ్చే ఘాటు సీసా కూడా ఉంటుంది, చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. దాన్ని ఇదే లెక్కన వేస్తే డోసు మూడింతలు అవుతుంది. సీసా మీద ఎంత శాతమో చదవకుండా సిరంజి లాగవద్దు.

కనిపించే పదింటికి వేసి వదిలేయడం కూడా దండగే. 60కీ ఒకే రోజు వేయాలి, బాగున్న వాటికి కూడా, గజ్జి మొదటి రెండు మూడు వారాలు బయటికి కనపడదు కాబట్టి. ఒక్కటి తప్పిపోయినా అదే మళ్లీ అంటిస్తుంది. పొరుగు మందతో కలిసి మేపుతుంటే వాళ్లకూ అదే రోజు చేయించండి, లేకపోతే మీరు ఎన్ని సూదులు వేసినా రెండు నెలలకు మొదటికొస్తారు. దొడ్డి సంగతి: గొర్రె మీద నుంచి రాలిన పురుగు, కంచెకు తగులుకున్న బొచ్చులో, పెచ్చుల్లో రెండు వారాల పైనే బతికి ఉండగలదు. అందుకని సూది వేసిన రోజే మందను వేరే చోటికి మార్చి, పాత దొడ్డిని రెండున్నర వారాలు ఖాళీగా వదిలేయండి, కంచె ముళ్లకు ఉన్న బొచ్చు ఏరి కాల్చేయండి. సంచారం పోయే మందలు పొలాల్లో రోజుకో చోట పడుకుంటాయి కాబట్టి వాళ్లకు ఈ బాధ తక్కువ, ఒకే రేకుల షెడ్డులో ఏడాదంతా కట్టేసే వాళ్లకే ఎక్కువ.

సూదికి బదులు పైన మందు కొట్టే పద్ధతి కూడా ఉంది. అమిట్రాజ్ 12.5 శాతం మందు గొర్రెల గజ్జికి లీటరు నీళ్లకు 4 మిల్లీ, చర్మం తడిసేలా. ఊలు ఉన్న గొర్రెకు పైన చిలకరిస్తే చర్మం దాకా పోనే పోదు, బొచ్చు కత్తిరించాక చేయాలి, లేదా తొట్టిలో ముంచాలి. ముంచే ముందు కడుపునిండా నీళ్లు తాగించండి, దాహంగా ఉన్న గొర్రె ఆ మందు నీళ్లే తాగేస్తుంది. ఉదయం పూట చేసి, ఆరేదాకా నీడలో ఉంచండి. నిండు సూడివి, పుండ్లు ఉన్నవి, నెలలోపు పిల్లలు వద్దు. డెల్టామెత్రిన్ లాంటివి కొట్టినా సీసా మీద గజ్జికి రాసిన పాళ్లే, పిడుదులకు రాసినవి కాదు, రెండూ వేరు.

పత్తికి కొట్టే పురుగుల మందు మాత్రం వద్దు. మిగిలిపోయిన సీసా ఉంది కదా అని గొర్రెలకు పూసి తెల్లారేసరికి నోట్లో చొంగ, వణుకు, పడిపోవడం, ఇలా వచ్చిన మందలు చాలానే చూశాను. అలా జరిగితే సబ్బు నీళ్లతో ఒళ్లు కడిగి వెంటనే డాక్టర్ని పిలవండి, చాలావాటికి అట్రోపిన్ సూదితో ప్రాణం నిలబడుతుంది, కానీ ఆలస్యమైతే లేదు. పెద్దవాళ్లు ఇంకా గమాక్సిన్ పొడి అడుగుతారు, అది 1997లోనే నిషేధించారు. బండి నుంచి తీసిన పాత ఇంజన్ ఆయిలు పూస్తే పురుగు చస్తుందేమో గానీ చర్మం కాలి, ఆ ఆయిలు నాకిన గొర్రెకు లోపల కూడా చెడుతుంది. కానుగ నూనెలో గంధకం, కర్పూరం కలిపి రాయడం మాత్రం నేను వద్దనను, ఒకటి రెండు చోట్ల చిన్న మచ్చలకు బాగానే పనిచేస్తుంది, మూతి దగ్గర పైమందుగా రాయడానికీ పనికొస్తుంది. 60 గొర్రెల మందకు అదే చికిత్స అనుకుంటే లాభం లేదు.

నిజంగా గజ్జేనా అని తేల్చుకోవాలంటే పెచ్చు అంచున బ్లేడుతో రక్తం చెమర్చే దాకా గీకి, ఆ పొట్టును మూత ఉన్న చిన్న సీసాలో వేసి పశువుల దవాఖానకు తీసుకుపొండి, మైక్రోస్కోపు కింద పురుగు కనపడుతుంది. పెచ్చు మధ్యలో గీకి తెచ్చి ఏమీ లేదన్నారు అనేవాళ్లే ఎక్కువ. పోలేని పరిస్థితి అయితే 1962కి ఫోన్ చేస్తే బండి వస్తుంది.

గజ్జితో కలిసిపోయి కనిపించే ఇంకో రెండింటి గురించి ఇక్కడే చెప్పేస్తాను. ఒకటి పేలు. చలికాలంలో ఎక్కువ. బొచ్చు రేగి, దారాలు వేలాడినట్టు ఉంటుంది, రుద్దుకుంటాయి, కానీ మందమైన పెచ్చులు ఉండవు, బొచ్చు పాయ తీసి వెలుతురులో చూస్తే గోధుమరంగు చుక్కల్లా కదులుతాయి. వీటిలో కొరికే రకం రక్తం తాగదు, చర్మం పొట్టు తింటుంది, అందుకే రక్తంలో తిరిగే ఐవర్‌మెక్టిన్ సూది దాని మీద సరిగ్గా పనిచేయదు. దీనికి పైమందే కావాలి, రెండు వారాలకు మళ్లీ ఒకసారి. రెండోది వానాకాలంలో వచ్చేది: వారాల తరబడి తడిసిన మందలో బొచ్చు జిగురు పెట్టినట్టు గడ్డలు కట్టి, కింద గట్టి పెచ్చు, లాగితే బొచ్చు కుంచెలా మొత్తం ఊడి వస్తుంది, దురద అంతగా ఉండదు. ఇది బ్యాక్టీరియా, డెర్మటోఫిలస్ అంటారు. ఐవర్‌మెక్టిన్ ఎన్ని సార్లు వేసినా తగ్గదు. డాక్టరు పెన్సిలిన్, స్ట్రెప్టోమైసిన్ గానీ ఎక్కువకాలం పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ గానీ వేస్తారు. దీనికి పైన మందు నీళ్లు కొట్టడం, ముంచడం అసలు చేయకూడదు, తడి తోనే ఇది పాకుతుంది. పొడి నేల, ఎండ తగిలే చోటు ఇస్తే సగం అదే మానుతుంది.

ఇప్పుడు మీ ఈనిన తల్లి గొర్రెలు. కింద చర్మం శుభ్రంగా ఉంది, దురద లేదు, లాగితే నొప్పి లేకుండా వస్తోంది అన్నారు. దీనికి మందు లేదు, అవసరమూ లేదు. గొర్రెకు పెద్ద జ్వరం వచ్చినా, నిండు సూడిలో కడుపు మాడినా, ఈనిన తర్వాత పిల్లకు పాలివ్వడంలో ఒళ్లు కరిగినా ఆ రోజుల్లో వెంట్రుక కుదురు సన్నబడిపోతుంది, కొన్ని వారాలు గడిచాక అక్కడ తెగి ఊడుతుంది. అందుకే జనం జ్వరానికి, దీనికి ముడిపెట్టరు, జ్వరం మర్చిపోయాక బొచ్చు ఊడుతుంది కదా. నీలి నాలుక వ్యాధి వచ్చి తేరుకున్న మందల్లో ఇలా మొత్తం బొచ్చు ఊడటం మామూలే. మీ దగ్గర పోయిన రెండు మూడు నెలల్లో మూతి వాపు, కుంటడం లాంటివి ఏమైనా ఉన్నాయా గుర్తు చేసుకోండి. చర్మం మీద చేయి పెట్టి చూస్తే కొత్త వెంట్రుక గరుకుగా తగులుతుంటే నిశ్చింతగా ఉండండి. చలిగాలికి, వానకు కొన్నాళ్లు కాపాడితే చాలు. వచ్చే ఈతకు మాత్రం చివరి నెలన్నర తల్లికి రోజుకు 200 నుంచి 250 గ్రాముల దాణా పెట్టండి, పల్లి చెక్క, కంది పొట్టు, మక్కల నూక ఏది అందుబాటులో ఉంటే అది. మన దగ్గర మేత ఎండిపోయిన నెలల్లో ఈతలు పడితే ఈ సమస్య తప్పదు.

అలాగే నట్టలు. కంటి కింది రెప్ప లాగి చూడండి, ఎర్రగా ఉండాల్సింది తెల్లగా ఉంటే, దవడ కింద నీరు దిగితే, బొచ్చు పెళుసుగా పొలుసులా ఉంటే సమస్య కడుపులో ఉంది, చర్మంలో కాదు.

షెడ్డులో కట్టేసిన మందల్లో ఒకదాని బొచ్చు ఒకటి పీకి తినడం కూడా ఉంటుంది, పిల్లలు తల్లి పొదుగు దగ్గర బొచ్చు కొరికి మింగి కడుపులో ఉండ కట్టి చనిపోతాయి. దానికి కారణం పీచు మేత కొరత, ఖనిజాల కొరత. ఖనిజ మిశ్రమం పెట్టండి, కానీ గొర్రెల కోసం తయారైనదే. గేదెలది, కోళ్లది పెడితే అందులో ఉండే రాగి గొర్రె కాలేయంలో పేరుకుపోయి ఒకరోజు మూత్రం ఎర్రగా పోసి పడిపోతుంది. అలాగని రాగి అసలు లేకపోయినా ఇబ్బందే, నల్ల దక్కని గొర్రె బొచ్చు తుప్పు రంగుకు తిరుగుతుంది. అయితే ఎండకు కొసలు ఎర్రబడటం వేరు, పాయ తీసి మొదట్లో చూడండి, మొదట్లో నల్లగానే ఉంటే భయం లేదు.

తెల్ల గొర్రెల చెవులు. ఇక్కడ కీలకం మీరే రాశారు, ఒక్క నల్లదానికీ రాలేదని. తలంబ్రాల మొక్క, అదే లాంటానా, మన గుట్టల్లో అంతటా ఉంది. పచ్చి మేత లేనప్పుడు, ముఖ్యంగా ఆ మొక్క అలవాటు లేని కొత్త గొర్రెలు దాన్ని తింటాయి. దాని విషం కాలేయాన్ని దెబ్బతీస్తుంది, అప్పుడు ఆకుపచ్చ మేత నుంచి వచ్చే ఒక పదార్థం బయటికి పోక రక్తంలోనే ఉండిపోతుంది, ఎండ తగలగానే తెల్ల చర్మం కాలినట్టు అవుతుంది. నల్ల చర్మానికి ఆ రంగే రక్షణ. చెవులు, మూతి, కళ్ల చుట్టూ వాపు, తర్వాత తోలు ఎండి రాలడం. కళ్లు, చిగుళ్లు పసుపుగా ఉన్నాయా చూడండి, ఉంటే ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించండి, కాలేయానికి చికిత్స కావాలి. ఎలాగైనా వాటిని పగలంతా నీడలో కట్టేసి, పచ్చి మేత ఆపి, ఎండు మేత, నీళ్లు ఇచ్చి, సాయంత్రం ఎండ దిగాకే బయటికి తోలండి. పుండ్లకు ఈగలు వాలకుండా మందు రాయండి, లేకపోతే పురుగులు పడతాయి. వీటికి గజ్జి అనుకుని ముంచితే కాలిన చర్మం మీద మందు పోసినట్టే.

పైన దాటేసిన జ్వరం, గడ్డల సంగతి. చంకలు, తొడల లోపల, తోక కింద, పెదాల మీద శనగ గింజంత గట్టి గడ్డలు, జ్వరం, ముక్కు కారడం ఉంటే అది గొర్రెల మశూచి, మన వైపు అమ్మతల్లి, బొబ్బ రోగం అంటారు. పిల్లలు ఎక్కువగా చనిపోతాయి. వైరస్‌కు మందు లేదు, పుండ్లు చెడకుండా ఆంటీబయాటిక్ మాత్రమే. వెంటనే దవాఖానకు చెప్పండి, బాగున్న వాటిని వేరు చేయండి, దయచేసి అమ్ముకుందామని సంతకు తోలకండి. ఏడాదికోసారి టీకా వేయిస్తే ఈ బాధ ఉండదు. ఇది మనుషులకు రాదు. పిల్లల పెదాల మీద కాలీఫ్లవర్‌లా లేచే మూతి పుండ్లు మాత్రం మనుషుల చేతులకు అంటుకుంటాయి, వాటికి మందు రాసేటప్పుడు చేతికి తొడుగు వేసుకోండి. అవి మూడు నాలుగు వారాల్లో వాటంతట అవే మానతాయి, పాలు తాగలేని పిల్లకు తల్లి పాలు పిండి పట్టండి.

మీకు గజ్జి ఎక్కడి నుంచి వచ్చిందో అడగలేదు గానీ చెప్తాను. సంతలో కొన్నవి నేరుగా మందలో కలిపేశారు. పెబ్బేరు సంత అయినా ఇంకే సంత అయినా పది ఊళ్ల గొర్రెలు ఒకదానికొకటి రుద్దుకునే చోటు. కొత్తవాటిని మూడు నాలుగు వారాలు విడిగా కట్టి, వచ్చిన రోజే నట్టల మందు, గజ్జికి మొదటి సూది, ఏడు రోజులకు రెండో సూది వేయించాకే కలపండి.

ఇప్పుడు వరస: రేపే తెల్లవాటిని నీడలో కట్టండి. ఈ వారంలో పెచ్చు గీకి చూపించి గజ్జి అని తేలాక, మీకు కత్తిరించే వాళ్లు దొరికితే ముందు బొచ్చు తీయించండి, కత్తెర మందలో నుంచి మందకు పోయేది కాబట్టి దాన్ని మరిగే నీళ్లలో వేసి తీయమనండి. తర్వాత 60కీ ఒకే రోజు సూది, దొడ్డి మార్పు, సరిగ్గా ఏడు రోజులకు రెండో సూది. తారీఖు గోడ మీద రాసుకోండి. రెండో సూది తర్వాత వారం పది రోజులకు దురద తగ్గాలి, పెచ్చులు మాత్రం వెంటనే పోవు, కింద కొత్త బొచ్చు వస్తూ పెచ్చును పైకి లేపుతుంది, పెచ్చు ఉంది కదా అని మూడోది పొడవకండి. దురద తగ్గకపోతే మళ్లీ గీకి చూపించి మందు మార్చాలి.

పొట్టేళ్లను బక్రీద్‌కు అమ్మాలనుకుంటున్నానని కూడా రాశారు. ఐవర్‌మెక్టిన్ వేశాక మాంసానికి కోయకూడని రోజులు సీసా మీద ఉంటాయి, అది నెల పైమాటే. ఆ రోజులు రెండో సూది నుంచి లెక్కపెట్టాలి, మొదటి దాని నుంచి కాదు. పండుగకు అంత సమయం లేకపోతే అమ్మేవాటిని మొదటి రోజే వేరు చేసి, వాటికి ఏ పైమందు వాడొచ్చో, దానికి ఎన్ని రోజులు ఆగాలో దవాఖానలో అడిగి చేయించండి.